ఆకాశం డేటాను మన ల్యాబుల్లోకి రానివ్వండి: బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఫిజిక్స్, ఖగోళశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, ఉన్నత విద్యా మండలి పెద్దలకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెప్తాను. అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. బీఎస్సీ చివరి ఏడాదిలో ఒకటి, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఒకటి, ప్రాక్టికల్ పేపర్లు పూర్తిగా నిజమైన ఖగోళ డేటా మీద పెట్టండి. పరీక్ష కూడా కంప్యూటర్ ముందు, ఆ డేటా మీదే జరగాలి. ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు చేసుకునే ప్రాజెక్టుగా దీన్ని వదిలేయకండి. అందరికీ మార్కులున్న పేపర్‌గా పెట్టండి. మార్కులు లేని దానికి మన కాలేజీల్లో టైమ్‌టేబుల్‌లో చోటు దొరకదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను చూసిన చాలా కాలేజీల్లో ఫిజిక్స్ విద్యార్థికి కంప్యూటర్ అంటే రికార్డులో రాసుకునే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్, ఫిబొనాచీ సిరీస్, మహా అయితే సింప్సన్ రూల్. పదీ పదిహేను అంకెలను లోపలికి ఇచ్చి, బయటికొచ్చిన జవాబును రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకుంటారు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిలో తప్పు ఎంత, అవి పది కాకుండా పది కోట్లయితే ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆ గదిలో పుట్టవు. అదే సమయంలో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2013 డిసెంబర్‌లో పంపిన గయా ఉపగ్రహం పదేళ్లకు పైగా ఆకాశాన్ని కొలిచి, 2025 జనవరిలో పరిశీలనలు ముగించింది. 2022 జూన్‌లో విడుదలైన దాని మూడో డేటా విడుదలలో 180 కోట్లకు పైగా ఆకాశ వస్తువుల వివరాలున్నాయి. వాటిని చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రూపాయి కట్టనక్కర్లేదు. ఖాతా కూడా తెరవకుండానే ప్రశ్న పంపి జవాబు తెప్పించుకోవచ్చు. పారిస్‌లో పరిశోధకుడు వాడే డేటా, ఇబ్రహీంపట్నం డిగ్రీ కాలేజీలో అమ్మాయి వాడగలిగే డేటా ఒక్కటే. ఇలాంటి సమానత్వం సైన్స్‌లో మరే రంగంలోనూ ఇంతగా నాకు కనిపించలేదు.

ఈ నగరానికి ఈ పని కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాల పట్టిక తయారు చేస్తున్న రోజులవి. 1887లో పారిస్‌లో మొదలైన ఆ పనిలో దక్షిణాకాశంలోని 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన ఉత్తర పట్టీలో కొంత భాగం కూడా మనవాళ్లే తీసుకున్నారు. ఒక్కో గాజు ప్లేటునూ సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో చుక్క స్థానాన్నీ చేత్తో కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల పట్టికను అచ్చు వేశారు.

ఆ కొలతలు పుస్తకాల్లోనే ఉండిపోలేదు. తర్వాత ఆ సంపుటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు, అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వాటిని కొత్తగా లెక్కగట్టింది. 2000 సంవత్సరంలో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంగా కదులుతున్నాయో లెక్కగట్టడానికి ఉపగ్రహ కొలతల పక్కన ఈ పాత ప్లేట్ల కొలతలనే పెట్టారు. ఒక నక్షత్రం వందేళ్ల కింద ఎక్కడుందో ఎవరో ఒకరు కొలిచి పెట్టకపోతే ఆ లెక్క అంత బాగా వచ్చేది కాదు. అంటే హైదరాబాద్ చేసింది టెలిస్కోపులో చూడడమొక్కటే కాదు. అచ్చంగా డేటా పని చేసింది, అదీ శతాబ్దం పాటు నిలిచేంత శ్రద్ధగా. ఆ శ్రద్ధకు ఈ రోజుల్లో కావలసిన పనిముట్లు వేరు. వాటిని నేర్పించమనే ఈ లేఖ.

సిలబస్ సమావేశాల్లో ఈ మాట ఎత్తగానే చర్చ ఒక్కచోటే చిక్కుకుపోతుందని విన్నాను. ఏ భాష నేర్పాలి? కొందరు సి ప్లస్ ప్లస్ లేకపోతే పునాది ఉండదంటారు, కొందరు అంతా పైథాన్ అంటారు, ఈమధ్య జూలియా, రస్ట్ పేర్లు కూడా వినిపిస్తున్నాయి. ఈ వాదనలో పడితే మరో మూడేళ్లు గడిచిపోతాయి. పెద్ద ఖగోళ ప్రాజెక్టులు దీన్ని ఎలా పరిష్కరించుకున్నాయో చూడండి. రేడియో టెలిస్కోపుల డేటాకు ప్రపంచమంతా వాడే కాసా సాఫ్ట్‌వేర్‌కు లోపల సి ప్లస్ ప్లస్, పైన పైథాన్. చిలీలో కట్టిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ సాఫ్ట్‌వేర్‌దీ అదే పద్ధతి. గయా డేటాను శుద్ధి చేసిన ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం జావా. పట్టికలు చూసుకోవడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు రోజూ తెరిచే టాప్‌క్యాట్ కూడా జావాలో రాసిందే. ఆ పట్టికలను అడిగే భాష ఏడీక్యూఎల్, అంటే మన కంప్యూటర్ విద్యార్థులకు తెలిసిన ఎస్‌క్యూఎల్‌కే ఆకాశ కొలతలు కలిపిన రూపం. 2017 ప్రాంతంలో సెలెస్ట్ అనే ప్రాజెక్టు జూలియాలో రాసిన ప్రోగ్రామ్‌తో ఒక సూపర్ కంప్యూటర్ మీద 18.8 కోట్ల నక్షత్రాలు, గెలాక్సీల లెక్కను పావుగంటలోపు తేల్చింది. పైథాన్‌లో సైన్స్ లెక్కలకు వాడే సైపై లైబ్రరీ లోపల మాట్రిక్సుల లెక్కలు చేసేచోట ఇవాళ్టికీ ఫోర్ట్రాన్ వారసత్వం నడుస్తూనే ఉంది. ఏ ఒక్క భాషా అన్నీ చేయడం లేదు, ఏ భాషా దండగ కాలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డిగ్రీ స్థాయిలో పైథాన్‌తో మొదలుపెట్టండి, పక్కనే ఎస్‌క్యూఎల్ పెట్టండి. ఎమ్మెస్సీలో సి లేదా సి ప్లస్ ప్లస్‌లో ఒక చిన్న లెక్కను రాయించి, దాన్ని పైథాన్ నుంచి పిలిపించండి. పైథాన్‌కు నేను ఓటు వేయడానికి కారణం అది తేలిక అని కాదు. ఖగోళశాస్త్రం ఆ భాషలో తన ఇల్లు కట్టుకుంది. ఇవాళ డేటా సైన్స్ అంతా వాడే నంపై, అంతకుముందున్న న్యూమెరిక్, నమ్‌అర్రే అనే రెండు లైబ్రరీల కలయికతో 2006 నాటికి వచ్చింది. అందులో నమ్‌అర్రేను తయారు చేసింది హబుల్ టెలిస్కోపును నడిపే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. 2011లో మొదలైన ఆస్ట్రోపై అనే లైబ్రరీలో కోఆర్డినేట్లు, సమయం, కొలమానాలు, ఫైళ్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. దాన్ని రాసేది వాడేవాళ్లే, దాని సోర్స్ ఎవరైనా తెరిచి చదవొచ్చు.

అయితే పైథాన్ నేర్పడం అంటే ఫర్ లూప్ నేర్పి వదిలేయడం కాదు. సాదా పైథాన్ లిస్టులో ఒక దశాంశ సంఖ్యకు, దాన్ని చూపే గుర్తుతో కలిపి, సుమారు 32 బైట్లు ఖర్చవుతాయి. నంపై అర్రేలో అదే సంఖ్యకు ఎనిమిదే. పది అంకెల దగ్గర ఈ తేడా ఎవరికీ పట్టదు. గయా పట్టికలో ఒకే ఒక్క కాలమ్‌ను, 180 కోట్ల వరుసలను, నంపైలో పెట్టినా 14 గిగాబైట్లు దాటుతుంది. మన ల్యాబుల్లో ఎనిమిది గిగాబైట్ల మెషీన్లే ఎక్కువ. ఆ సిస్టమ్ ముందు కూర్చున్న విద్యార్థికి ఆ లెక్క నోటితో వేయడం రావాలి. ప్రోగ్రామ్ నడపక ముందే ఇది పట్టదు అని చెప్పగలగాలి. భాష ఏదైనా సరే, నేర్పాల్సిన అసలు విద్య ఇదే.

ఒక సాఫ్ట్‌వేర్‌కే సిలబస్‌ను కట్టేయవద్దని కూడా వేడుకుంటున్నాను. 1980ల మొదట్లో అమెరికాలోని కిట్ పీక్‌లో ఐరాఫ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలైంది. దానికి సొంత ప్రోగ్రామింగ్ భాష కూడా ఉండేది. దాదాపు మూడు దశాబ్దాల పాటు కాంతి టెలిస్కోపుల డేటా అంటే ఐరాఫే. 2010ల్లో తయారు చేసిన సంస్థ దాన్ని చూసుకోవడం ఆపేసింది. అందులో రాసుకున్న పాత స్క్రిప్టులతో ఎన్నో ల్యాబులు ఇబ్బంది పడ్డాయి. స్వచ్ఛందంగా కొందరు ముందుకొచ్చి దాన్ని ఇంకా బతికిస్తున్నారు, వాళ్లకు దండం పెట్టాలి. సిలబస్‌లో లైబ్రరీ పేరు, వెర్షన్ నంబరు రాయకుండా, విద్యార్థికి ఏం చేయడం రావాలో రాస్తే ఈ ఇబ్బంది మనకు రాదు.

ఇప్పుడు ఆ పేపర్లో పిల్లలు ఏం చేస్తారో కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే సమావేశంలో ఇది గాలి కబుర్లుగా అనిపించకూడదు.

కృత్తికలు తీసుకుందాం. పల్లెల్లో పిల్లలకోడి అని అందరికీ తెలిసిన గుంపే. విద్యార్థి గయా సర్వర్‌కు ఒక ప్రశ్న పంపుతుంది: ఈ దిక్కు చుట్టూ రెండు డిగ్రీల లోపల, పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, అది ఎంత చిన్నదైతే దూరం అంత ఎక్కువ) ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మిల్లీ ఆర్క్‌సెకండ్ల (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షలవ వంతు) మధ్య ఉన్న నక్షత్రాలు కావాలి, వాటి రంగు, ప్రకాశం, స్వీయ చలనం, అంటే ఆకాశంలో ఏడాదికి ఎంత జరుగుతున్నాయో కావాలి. కోట్ల వరుసలు సర్వర్ దగ్గరే ఉండిపోతాయి, ఆమెకు చిన్న పట్టిక ఒక్కటే వస్తుంది. ఆ పట్టికలో స్వీయ చలనాల గ్రాఫు గీస్తే, సంబంధం లేని నక్షత్రాలు చెదిరిపోయి కనిపిస్తాయి. తూర్పుకు ఏడాదికి 20, దక్షిణానికి 45 మిల్లీ ఆర్క్‌సెకండ్ల దగ్గర మాత్రం ఒక గుంపు ముద్దగా కనిపిస్తుంది. కలిసి పుట్టి, కలిసి కదులుతున్న నక్షత్రాలవి. ఆ గుంపు పారలాక్స్ సగటు సుమారు 7.4. వెయ్యిని దానితో భాగిస్తే 135 పార్సెక్‌లు, అంటే దాదాపు 440 కాంతి సంవత్సరాలు. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. గయాకు ముందు హిప్పార్కస్ ఉపగ్రహం ఇదే దూరాన్ని 120 పార్సెక్‌ల దగ్గర చూపించింది. ఏళ్ల తరబడి శాస్త్రజ్ఞులు దాని మీద వాదించుకున్నారు. గయా వచ్చాక ఎక్కువ దూరమే సరైనదని తేలింది. ఉపగ్రహం చెప్పింది కదా అని కళ్లు మూసుకుని నమ్మకూడదని బీఎస్సీ విద్యార్థికి ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ తర్వాత ఆమెకు గుంపు బయటి నక్షత్రాలు ఇవ్వండి. కొన్నిటి పారలాక్స్ రుణాత్మకంగా ఉంటుంది. భాగిస్తే దూరం మైనస్‌లో వస్తుంది. తప్పుడు డేటా అనుకుని ఆ వరుసలు తీసేయాలని ప్రతి విద్యార్థికీ చెయ్యి వేగిరపడుతుంది. అది తప్పు డేటా కాదు. చాలా దూరపు నక్షత్రానికి నిజమైన పారలాక్స్ సున్నాకు దగ్గర, కొలతలో అటూ ఇటూ ఊగిసలాట, కాబట్టి కొన్ని సున్నాకు కిందికి పడతాయి. వాటిని తీసేస్తే మిగిలినవన్నీ ఒకే వైపు మొగ్గి, లెక్కగట్టిన సగటు దూరం తప్పుతుంది. గణాంకశాస్త్రం పేపర్లో బట్టీ పట్టే మాటలన్నీ ఇక్కడ ఒక్కసారిగా అర్థమవుతాయి.

మరొకటి. గయా ప్రతి నక్షత్రానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, 19 అంకెల వరకూ ఉంటుంది. ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే 15 అంకెల తర్వాత సున్నాలు పడతాయి. సేవ్ చేసి మళ్లీ సర్వర్‌ను అడిగితే ఆ నక్షత్రం లేదంటుంది, లేదా ఇంకో నక్షత్రం వివరాలు ఇస్తుంది. తప్పు జరిగిందని ఎక్కడా హెచ్చరిక రాదు. డబుల్ అనే దశాంశ రకంలో పెట్టినా అంతే, అందులో 15, 16 అంకెలకు మించి కచ్చితంగా నిలవవు. 64 బిట్ల పూర్ణాంకంగానే ఉంచాలి. పైగా ఆ సంఖ్య ఊరికే ఇచ్చిన నంబరు కాదు. దాన్ని రెండు ఘాతం 35తో భాగిస్తే, ఆకాశాన్ని సమాన వైశాల్యం ఉన్న గళ్లుగా కోసిన హీల్‌పిక్స్ పద్ధతిలో ఆ నక్షత్రం ఏ గడిలో ఉందో వస్తుంది. చిరునామా అంకెల్లోనే దాగి ఉంది. చివరి అంకెలు పోగొట్టుకోవడం అంటే ఇంటి నంబరు చెరిపేయడమే.

సమయం దగ్గర కూడా ఇదే కథ. ఖగోళంలో తేదీని జూలియన్ రోజుల్లో రాస్తారు, ఇప్పుడు ఆ సంఖ్య 24 లక్షల 60 వేలు దాటింది. దాన్ని 32 బిట్ల దశాంశంలో పెడితే, పక్కపక్క విలువల మధ్య తేడా పావు రోజు, అంటే ఆరు గంటలు. మూడు రోజులకోసారి మసకబారే జంట నక్షత్రం గ్రాఫు పూర్తిగా పాడైపోతుంది. 64 బిట్లలో పెడితే సుమారు 40 మైక్రోసెకండ్లు, చాలా పనులకు సరిపోతుంది. గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే పల్సార్ నక్షత్రాలకు అదీ చాలదు. అందుకే ఆస్ట్రోపై ఒకే సమయాన్ని రెండు 64 బిట్ల సంఖ్యలుగా విడగొట్టి దాచుకుంటుంది. ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కాదు. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం ఉన్న 30 డిష్‌లతో నడిచే జీఎంఆర్‌టీతో భారతీయ పల్సార్ టైమింగ్ అర్రే బృందం కొలతలు తీసుకుంటుంది. 2023 జూన్‌లో యూరప్ బృందంతో కలిసి, అతి నెమ్మదిగా ఊగే గురుత్వ తరంగాల ఆధారాలు ప్రకటించిన బృందం అదే. అందులో ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. కంది ఐఐటీలో జరిగే పని మన డిగ్రీ కాలేజీ దాకా ఎందుకు రాకూడదు?

ఇక ఫైళ్లు. ఖగోళ చిత్రాలన్నీ ఫిట్స్ అనే రూపంలో వస్తాయి. 1981 నాటి ఈ ప్రమాణంలో ప్రతి ఫైలు తలభాగంలో వరుసకు సరిగ్గా 80 అక్షరాలు, పంచ్ కార్డుల రోజుల కొలత అది. అలాంటి 36 వరుసలు కలిస్తే 2880 బైట్ల ఒక దిమ్మె. నాలుగు దశాబ్దాల కిందటి ఫైలు ఇవాళా తెరుచుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఫిట్స్‌లో 16 బిట్ల పూర్ణాంకాలకు ప్లస్ లేదా మైనస్ గుర్తు తప్పనిసరి. కెమెరా మాత్రం సున్నా నుంచి 65,535 వరకు లెక్కిస్తుంది. కాబట్టి ప్రతి విలువలోంచి 32,768 తీసేసి రాసి, తలభాగంలో బీజీరో అనే చోట ఆ సంఖ్యను వేసి పెడతారు. సొంతంగా ఫైలు చదివే ప్రోగ్రామ్ రాసిన విద్యార్థి ఆ ఒక్క వరుస చూసుకోకపోతే చీకటి ఆకాశం మైనస్ విలువల్లో వస్తుంది. ఆస్ట్రోపై దీన్ని తనంతట తానే సరిచేస్తుంది, అది మంచిదే. ఒక్కసారైనా చేత్తో విప్పి చూసిన విద్యార్థి లైబ్రరీని గుడ్డిగా నమ్మకుండా, తెలిసి వాడుకుంటుంది.

ఇంత పెద్ద డేటాను కాలేజీకి ఎలా తెస్తామని మీరు అడగవచ్చు. తేనక్కర్లేదు, తేకూడదు కూడా. రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెళ్ల కెమెరా, రాత్రికి సుమారు 20 టెరాబైట్లు. మన ఇళ్లలో ఉండే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌తో ఆ ఒక్క రాత్రి డేటా దించుకోవాలంటే ఆపకుండా 18 రోజులు పడుతుంది. ఈలోపు ఇంకో 18 రాత్రుల డేటా వచ్చి పడుతుంది. మన దేశం కూడా సభ్యురాలైన స్క్వేర్ కిలోమీటర్ అర్రే దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో పూర్తయ్యాక ఏడాదికి సుమారు 700 పెటాబైట్లు భద్రపరుస్తుందని అంచనా. అందుకే 2000ల మొదట్లో స్లోన్ ఆకాశ సర్వే డేటాబేస్ కట్టినప్పుడే డేటాబేస్ నిపుణుడు జిమ్ గ్రే, ఖగోళ శాస్త్రజ్ఞుడు అలెక్స్ సాలే లాంటివాళ్లు దారి చూపించారు. డేటా ఉన్నచోటికే ప్రశ్నను పంపాలి, జవాబును మాత్రం తెచ్చుకోవాలి. కాబట్టి మన ల్యాబుకు కావలసింది కోట్ల రూపాయల సర్వర్లు కాదు. నికరంగా నడిచే ఇంటర్నెట్, ఉబుంటు వేసిన మామూలు సిస్టమ్‌లు, ప్రశ్న అడగడం తెలిసిన విద్యార్థి. పెద్ద లెక్క అవసరమైన ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ లాంటి వాటిలో కొంత సమయం కేటాయించేలా విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకోవచ్చు. అది మండలి స్థాయిలో జరగాల్సిన పని, ఒక్కో కాలేజీ విడివిడిగా అడిగితే అయ్యేది కాదు.

ఉద్యోగాల ప్రశ్న కూడా ఉంది. తల్లిదండ్రులు అడగడంలో తప్పేమీ లేదు, ఫీజు కట్టేది వాళ్లే. రూబిన్ ఆకాశంలో మార్పు కనిపించిన ప్రతిసారీ ఒక అలర్ట్ పంపేలా కట్టారు, రాత్రికి కోటి దాకా అని లెక్క. అవి సందేశాలను వరుసగా చేరవేసే కాఫ్కా అనే వ్యవస్థ గుండా వెళ్తాయి. వాటిని జల్లెడ పట్టే బృందాల్లో ఫింక్ వాళ్లు వాడేది, పనిని ఎన్నో కంప్యూటర్లకు పంచిపెట్టే స్పార్క్. పెద్ద పట్టికలను ఇప్పుడు కాలమ్‌లవారీగా దాచే పార్కే ఫైళ్లలో పెడుతున్నారు. గచ్చిబౌలి, మాధాపూర్‌లలో బ్యాంకుల డేటా చూసే ఇంజనీర్లను అడగండి, వాళ్లు పొద్దున లేస్తే వాడేవి ఇవే. తేడా ఒక్కటే. బ్యాంకు డేటాను విద్యార్థి చేతికి ఎవరూ ఇవ్వరు, ఆకాశం డేటాను అందరికీ ఇస్తున్నారు. ఆ ఇంజనీర్లలో కొందరు వారానికో పూట వచ్చి పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉంటారని నా నమ్మకం. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే దారి తెరిచింది కూడా. ఈ నగరంలో ఉన్నంతమంది డేటా ఇంజనీర్లను పక్కన పెట్టుకుని, చెప్పేవాళ్లు లేరని మనం పేపర్ ఆపకూడదు.

ఆచరణలో అడ్డొచ్చేది ఇవేవీ కాదు, చిన్న చిన్న సంగతులు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ల్యాబు సిస్టమ్‌లలో ఏ లైబ్రరీ వేయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆయన సెలవులో ఉంటే ఆ వారం ల్యాబు లేనట్టే. భద్రత పేరుతో బయటి సర్వర్లన్నీ బ్లాక్ చేశారు. గయాకు పంపిన ప్రశ్న కాలేజీ గోడ దాటేది కాదు, పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, సొంత డేటా ఖర్చు చేసి పని పూర్తి చేశారు. వాళ్ల పట్టుదల చూసి సంతోషమేసింది. అలా ఖర్చు పెట్టుకోలేని పిల్లలు పక్కనుంచి చూస్తూ ఉండిపోయారు, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కొత్త పేపర్‌తో పాటే ల్యాబు నిబంధనలు కూడా మీ నుంచే రావాలి: ఏ సర్వర్లు తెరిచి ఉంచాలి, ప్రతి విద్యార్థికీ సొంత ఫోల్డరులో లైబ్రరీలు వేసుకునే హక్కు ఎలా ఇవ్వాలి అని రాసి పంపండి. మీ కాగితం లేకపోతే ప్రిన్సిపాళ్లు ఒప్పుకోరు.

పరీక్ష విషయం ఇంకా ముఖ్యం. ఎక్స్‌టర్నల్ వచ్చి రికార్డు తిరగేసి రెండు వైవా ప్రశ్నలు అడిగే పద్ధతిలో ఈ పేపర్‌కు మార్కులు వేస్తే, రెండేళ్లలో ఇది కూడా ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ లాగే అయిపోతుంది. అందరూ ఒకే కోడ్‌ను సీనియర్ల దగ్గర తెచ్చుకుని అతికిస్తారు. దానికి ఆకాశమే మందు. ఒక్కో విద్యార్థికి ఒక్కో దిక్కు ఇవ్వండి. ఒకరికి కృత్తికలు, ఒకరికి రోహిణి చుట్టూ కనిపించే హయడీస్ గుంపు, ఇంకొకరికి ఎవరూ పేరు పెట్టని ఆకాశ ముక్క. జవాబులు వేరువేరుగానే వస్తాయి, అతికించడానికి ఏమీ ఉండదు. కోడ్‌ను గిట్‌లో పెట్టించండి, ఏ రోజు ఏం మార్చారో అందులోనే కనిపిస్తుంది. తుది అంకె కొంచెం తప్పినా, తప్పు ఎంతవరకు ఉండొచ్చో సరిగ్గా చెప్పగలిగినవాళ్లకు మంచి మార్కులు వేయండి.

మన సొంత డేటాను కూడా మరచిపోవద్దు. 2015 సెప్టెంబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్, 2023 సెప్టెంబర్‌లో అక్కడి నుంచే వెళ్లి సూర్యుణ్ణి చూస్తున్న ఆదిత్య-ఎల్1, రెండింటి డేటానూ ఇస్రో తన పోర్టళ్లలో ఇస్తోంది. శ్రీహరికోట మనకు రైలు దూరం. ఆ రాకెట్ ఎగిరినప్పుడు టీవీల ముందు చప్పట్లు కొట్టిన పిల్లల్లో ఎంతమంది ఆ పరికరాలు పంపిన ఒక్క ఫైలునైనా తెరిచి చూశారు? తెరిచే అవకాశం ఇవ్వాల్సింది మనం.

ఇంకొక విన్నపం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు లెక్కల్లో వెనకబడి లేరు, ఇంగ్లీషు మాన్యువళ్ల ముందు మాత్రం బెదిరిపోతారు. ల్యాబు మాన్యువల్ తెలుగులో కూడా ఉండాలి. పైథాన్, అర్రే, సర్వర్ అన్న మాటలను అలాగే ఉంచి, చుట్టూ ఉన్న వివరణ మామూలు తెలుగులో రాస్తే చాలు. అనువాద సంఘాలకు అప్పగించకుండా, క్లాసులో చెప్పే లెక్చరర్లతోనే రాయించండి. ఈ పనికి ముందుకొచ్చేవాళ్లు మా తోటి అధ్యాపకుల్లో ఉన్నారు, పారితోషికం కోసం ఎవరూ చూడడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో మేడెక్కితే ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని నక్షత్రాలే కనిపిస్తాయి. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టిన జపాల్-రంగాపూర్ వైపు కూడా నగరపు వెలుగు పాకింది. చీకటిని వెనక్కి తేవడం సిలబస్ కమిటీ చేతిలో లేదు. ఈ పేపర్ మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. రాబోయే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం అజెండాలో దీన్ని పెట్టండి, కనీసం ఐదు కాలేజీల్లో వచ్చే విద్యా సంవత్సరం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి అనుమతి ఇవ్వండి, అందులో కనీసం రెండు హైదరాబాద్ బయటి ప్రభుత్వ కాలేజీలు ఉండేలా చూడండి. సిలబస్ ముసాయిదా, పన్నెండు వారాల ల్యాబు ప్రణాళిక, నమూనా ప్రశ్నపత్రం తయారు చేసి మీ కార్యాలయానికి అందజేయడానికి మేం సిద్ధంగా ఉన్నాం. పిలిస్తే సమావేశానికి వచ్చి, అక్కడే గయాకు ప్రశ్న పంపి కృత్తికల దూరం మీ ముందే లెక్కగట్టి చూపిస్తాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్,
హైదరాబాద్